టైమింగ్ బెల్ట్ మార్పిడి: వరంగల్, ఉత్తర తెలంగాణ కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రేకు అరిగితే కీచుమంటుంది. క్లచ్ పోయే ముందు జారుతుంది. బ్యాటరీ చచ్చే ముందు రెండు మూడు ఉదయాలు మొరాయిస్తుంది. టైమింగ్ బెల్ట్ మాత్రం తెగే నిమిషం దాకా మామూలుగానే తిరుగుతుంది, తెగాక చాలా ఇంజిన్లలో హెడ్, అంటే ఇంజిన్ పై భాగం, దించాల్సిన పని పడుతుంది. అందుకే దీన్ని చెడిపోయాక బాగుచేసే పనిగా కాక, తేదీ పెట్టుకుని చేయించే పనిగా చూడాలని వచ్చినవారందరికీ చెబుతుంటాను. హనుమకొండలోని మా షెడ్డుకు వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, భూపాలపల్లి వైపుల నుంచి వచ్చేవారు అడిగే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను.

టైమింగ్ బెల్ట్ అసలు చేసే పని ఏమిటి?

ఇంజిన్ కింది భాగంలో క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూ పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైన హెడ్‌లో క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ వాల్వులను తెరిచి మూస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఉంచేదే టైమింగ్ బెల్ట్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి, కాబట్టి క్యామ్ పుల్లీకి క్రాంక్ పుల్లీకన్నా రెట్టింపు పళ్లుంటాయి. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1,000 సార్లు, అంటే సెకనుకు 16 సార్లకు పైనే తెరుచుకుంటుంది. అన్నిసార్లూ పిస్టన్ దారికి అడ్డం రాకుండా వాల్వు తప్పుకోవాలి. ఆ లెక్క తప్పకుండా చూసే పని ఈ రబ్బరు పట్టీది.

రబ్బరు అన్నానని తేలిగ్గా తీసుకోవద్దు. లోపల గాజు పీచుతో పేనిన దారాలుంటాయి, పళ్ల మీద నైలాన్ గుడ్డ అంటించి ఉంటుంది. సాగకుండా పట్టి ఉంచేది దారాలు, అరుగుదలను తట్టుకునేది గుడ్డ. కార్ల తయారీలో దీన్ని మొదట పెద్ద ఎత్తున వాడింది 1962లో, జర్మనీకి చెందిన గ్లాస్ 1004 కారులో. అప్పటిదాకా చైన్లో, గేర్లో ఈ పని చేసేవి.

నా బండిలో ఉన్నది బెల్టా, చైనా?

కంపెనీ పేరును బట్టి చెప్పలేం, ఇంజిన్‌ను బట్టే చెప్పాలి. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవాటిలో మారుతి 800, ఓమ్ని, పాత జెన్, ఆల్టో 800, తొలినాళ్ల స్విఫ్ట్ 1.3 పెట్రోల్‌లో బెల్టే. శాంట్రో జింగ్, ఐ10 1.1 కూడా అంతే. డీజిల్ బళ్లలో టాటా ఇండికా 1.4, రెనో డస్టర్, నిస్సాన్ టెరానో, మహీంద్రా వెరిటో, ఫోక్స్‌వాగన్ పోలో, వెంటో, స్కోడా ర్యాపిడ్, ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్, పాత ఇన్నోవా 2.5 అన్నీ బెల్టువే.

స్విఫ్ట్ 1.3 డీజిల్, మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లు, ఐ10 1.2 కప్పా, ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్ మాత్రం చైనువి. ఐ10 విషయంలో మరీ జాగ్రత్త. ఒకే పేరు, ఒకే ఆకారం, 1.1 అయితే బెల్టు, 1.2 అయితే చైను. దుకాణంలో బండి పేరు చెప్పి ఊరుకోకుండా ఆర్సీ మీద ఉన్న ఇంజిన్ నంబరు, తయారీ సంవత్సరం కూడా చూపించండి.

చైను ఉంటే దిగులు లేనట్టేనా?

గడువు పెట్టి మార్చే పని ఉండదు, అంతవరకే. చైనుకు ఇంజిన్ ఆయిలే ప్రాణం. ఆయిల్ మార్పు ఆలస్యం చేసే బళ్లలో చైను సాగుతుంది, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బలహీనపడుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే కొద్దిసేపు గలగలమని వినిపిస్తే అప్పుడే చూపించాలి.

మూడో రకం కూడా ఒకటుంది. ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ పెట్రోల్‌లో బెల్టు ఇంజిన్ లోపల ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. దానికి కంపెనీ చెప్పిన ఆయిల్ తప్ప మరొకటి పోయకూడదు. వేరే ఆయిల్‌కు రబ్బరు ఉబ్బి ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోని జాలీకి అడ్డుపడి ఆయిల్ పైకి ఎక్కడం మానేస్తుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

మీ బండి మాన్యువల్‌లో ఏమి రాసి ఉంటే అదే. చాలా బళ్లకు 60,000 నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఉంటుంది, కొన్ని ఇంజిన్లకు అంతకన్నా ఎక్కువే ఇస్తారు. కిలోమీటర్ల పక్కనే సంవత్సరాల గడువు కూడా ఉంటుంది. రెండింటిలో ఏది ముందు వస్తే దాని ప్రకారం మార్చాలి. ఆ రెండో గడువును పట్టించుకునేవారు తక్కువ. మా దగ్గరికి తెగిన బెల్టుతో వచ్చే బళ్లలో బాగా తిరిగిన ట్యాక్సీలకన్నా, ఆదివారం మాత్రమే బయటికి తీసే సొంత కార్లే నన్ను ఎక్కువ బాధపెడతాయి. బండి నిలిచి ఉన్నా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది.

పాత ఇన్నోవా డీజిల్‌లో ఈ గడువు గుర్తుచేయడానికి డ్యాష్‌బోర్డులో ప్రత్యేకంగా ఒక దీపం ఉంటుంది. అది కిలోమీటర్ల లెక్క చూసి వెలుగుతుంది, బెల్టు స్థితి చూసి కాదు. బెల్టు మార్చాక దాన్ని రీసెట్ చేయించుకోవాలి. దీపం వెలగలేదు కదా అని ఏళ్ల గడువు దాటించవద్దు.

మన ప్రాంతపు ఎండకూ దుమ్ముకూ గడువు తగ్గించాలా?

తగ్గించాలనే నా అభిప్రాయం. చాలా మాన్యువళ్లలో సాధారణ వాడకానికి ఒక పట్టిక, కఠినమైన పరిస్థితులకు మరో పట్టిక ఉంటాయి. దుమ్ము, విపరీతమైన వేడి, ఎక్కువసేపు నిలబెట్టి ఇంజిన్ నడపడం, ఇవన్నీ రెండో పట్టిక కిందికే వస్తాయి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలకు చేరే చోట మొదటి పట్టికను పట్టుకుని కూర్చోవడం సరికాదు.

దుమ్ము ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. గోదావరిఖని, భూపాలపల్లి గనుల దారుల్లో తిరిగే బండిలో బెల్టు కింది కవరు విప్పితే మూలల్లో నల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే క్రాంక్ సీల్ కొద్దిగా చెమర్చిందంటే ఆ పొడీ ఆయిలూ కలిసి చిక్కటి ముద్ద అవుతుంది. వేలితో తీసి నలిపితే మెత్తగా అనిపించినా లోపల గరుకు తగులుతుంది. బెల్టు తిరిగినంతసేపూ ఆ గరుకు పళ్ల మీది గుడ్డను సానపడుతుంది, ఆయిలేమో రబ్బరును ఉబ్బిస్తుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే బళ్లలో ముద్ద తెల్లగా ఉంటుంది, అది చేసే పని మాత్రం ఇదే. కాబట్టి కవర్ల క్లిప్పులు విరిగితే తాడుతో కట్టి వదిలేయకండి. సీలు చెమర్చడం మొదలైతే బెల్టు గడువు దాకా ఆగకండి.

ట్యాక్సీ నడుపుతాను. గంటలకొద్దీ ఏసీ వేసి నిలబెట్టాల్సి వస్తుంది. ఆ సమయం లెక్కలోకి రాదు కదా?

మీటరు లెక్కలోకి రాదు, బెల్టు లెక్కలోకి వస్తుంది. చిన్న లెక్క వేసి చూడండి. నిలబడి ఉన్న ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే గంటకు 48,000 చుట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, ఇంజిన్ 2,000 చుట్ల మీద పోతుంటే గంటకు 1,20,000 చుట్లు. అంటే గంటసేపు నిలబెట్టి ఇంజిన్ నడిపితే బెల్టు సుమారు 24 కిలోమీటర్లు తిరిగినట్టు. రోజూ రెండు గంటలు అలా నిలబెట్టేవారికి ఏడాదిలో 300 పనిరోజులకు 14,400 కిలోమీటర్లు మీటరు మీద కనిపించకుండా పోతాయి. నిలబడి ఉన్నప్పుడు ఎదురుగాలి తగలక ఇంజిన్ గది మరింత వేడెక్కుతుంది కూడా.

రెండేళ్లకోసారి మేడారం జాతరకు ట్రిప్పులు వేసేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. పస్రా దాటాక మొదటి గేరులో గంటలకొద్దీ కదిలే వరుసలో బండికి పడే శ్రమ కిలోమీటర్లలో కనిపించదు. గడువు దగ్గరపడి ఉంటే జాతరకు ముందే మార్పించండి. జాతర రోజుల్లో ఆ దారిలో బండి ఆగితే లాగే వాహనం మీ దాకా రావడమే కష్టం.

వరద నీళ్లలో బండి నిలిచిపోయింది. బెల్టుకు ఏమైనా అవుతుందా?

2023 జూలై చివర్లో మోరంచపల్లి మునిగిన రోజుల్లో, వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఈ ప్రశ్న చాలామంది అడిగారు. నీరు చక్రాల సగం దాటి నిలిచిందంటే కింది కవరు లోపలికి బురద వెళ్లే ఉంటుంది. అది నీళ్లు ఆపే కవరు కాదు, దుమ్ము ఆపే కవరు. ముందు ఇంజిన్ లోపలికి నీరు పోలేదని తేల్చుకోవాలి, అందాకా తాళం తిప్పకూడదు. ఆ తర్వాత కవర్లు విప్పించి చూడండి. ఉత్త నీటితో తడిసిన బెల్టు ఆరిపోతుంది గాని, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే చిన్న చక్రం ఐడ్లర్, వీటి బేరింగుల్లోకి బురద చేరితే గ్రీజు పోతుంది. అవి పట్టేస్తే మంచి బెల్టు కూడా తెగుతుంది. అలాంటి బండికి బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ కలిసిన సెట్టు మొత్తం మార్చడమే నేను సూచిస్తాను.

పై కవరు తీసి చూసి, బెల్టు బాగుందో లేదో చెప్పలేరా?

బాగోలేదని చెప్పగలం. బాగుందని హామీ ఇవ్వలేం.

పగుళ్లు, అంచుల్లో పీచు లేవడం, పళ్ల మొదట్లో చీలిక, అద్దంలా మెరిసే వీపు, ఆయిల్ తడి, వీటిలో ఏది కనిపించినా వెంటనే మార్చాలి. అయితే ఇప్పటి బెల్టుల రబ్బరు మేలు రకం కావడంతో ఆయుష్షు తీరేదాకా పగుళ్లు చూపకపోవచ్చు. లోపలి దారాలు బలహీనపడటం పైకి కనిపించదు. పై నుంచి మనకు కనిపించేది కూడా బెల్టులో ఒక ముక్కే. గడువు దాటిన బెల్టును చూసి, నున్నగా ఉంది కదా అని మళ్లీ కవరు బిగించేవారి మాట వినవద్దు.

నడుస్తుండగా తెగితే ఏమవుతుంది? రోడ్డు మీద ఏమి చేయాలి?

ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కాక గట్టిపడుతుంది. కంగారు పడకుండా గేరు న్యూట్రల్‌లోకి వేసి, హెచ్చరిక దీపాలు వెలిగించి ఎడమ అంచుకు చేర్చండి. జనగామ దగ్గరో రఘునాథపల్లి దగ్గరో జాతీయ రహదారి 163 మీద ఆగిపోతే 1033కు ఫోను చేయవచ్చు, అది జాతీయ రహదారుల సహాయ నంబరు.

ఆ తర్వాత చేయకూడని పని ఒక్కటే: మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. బెల్టు తెగిన ఇంజిన్‌కు సెల్ఫ్ వేస్తే ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. ఆ శబ్దం ఒకసారి వినగానే ఆగిపోవాలి. క్యామ్ నిలిచిపోయి కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి, తిరిగే ప్రతి చుట్టుకూ పిస్టన్లు వాటిని గుద్దుతాయి. దారినపోయేవారు సాయానికి వచ్చి తోసి స్టార్ట్ చేద్దామంటారు. మంచి మనసుతోనే అంటారు గాని ఒప్పుకోకండి, అదీ క్రాంక్‌ను తిప్పడమే.

నష్టం ఎంత అనేది ఇంజిన్ రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని పెట్రోల్ ఇంజిన్లలో వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య చోటు ఉంటుంది, కొత్త బెల్టు వేస్తే చాలు. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఆ చోటు ఉండదు. వాల్వులు వంగుతాయి, వాటిని నొక్కే రాకర్లు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టన్ మీద గంటు పడుతుంది. తెగిన బండికి మెకానిక్ నేరుగా కొత్త బెల్టు వేసి చూద్దామంటే, ముందు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షో, ప్లగ్ రంధ్రంలోంచి కెమెరాతో చూడటమో చేయమనండి.

బెల్టు ఒక్కటే మారిస్తే చాలదా? టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు కూడా అంటున్నారు.

వాళ్లు చెప్పేది నిజం. బెల్టు తిరిగినంతసేపూ టెన్షనర్ బేరింగు కూడా తిరిగింది. పైగా అది చిన్నది, బెల్టుకన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. చేతిలో పట్టుకుని తిప్పినప్పుడు గరగరమంటే పాడైనట్టే, శబ్దం లేకుండా నీళ్లలా జారుతూ తిరిగినా గ్రీజు ఎండిపోయిందనే గుర్తు.

వాటర్ పంపు విషయం ఇంజిన్‌ను బట్టి మారుతుంది. డస్టర్ 1.5 డీజిల్‌లో, పోలో డీజిల్‌లో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. అలాంటి వాటిలో పంపు కూడా మార్చాల్సిందే. ఆరు నెలల తర్వాత పంపు కారితే మళ్లీ అదే కూలి ఇచ్చి అవే కవర్లు విప్పాలి, కూలెంటు పడి కొత్త బెల్టు కూడా పాడవుతుంది. మారుతి 800లో పంపు బయటి ఫ్యాన్ బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి ఆ తొందర లేదు. క్యామ్, క్రాంక్ ముందు ఆయిల్ సీళ్లు మాత్రం ఏ బండిలోనైనా ఈ పనిలోనే మార్చేయండి. ధర తక్కువ, చేతికి అందేది ఇప్పుడే.

పంపు మార్చాక కూలెంటు పోసి గాలి తీయించండి. వేసవిలో రేడియేటర్‌లో ఉత్త బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఆ నీళ్ల సున్నం పంపు సీలును కోసేస్తుంది.

ఏ కంపెనీ సెట్టు కొనాలి? నకిలీవి ఎలా గుర్తుపట్టాలి?

బండి కంపెనీ డబ్బాలో వచ్చేది, లేదా గేట్స్, కాంటినెంటల్, డేకో, ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్ వంటి పేరున్న తయారీదారుల సెట్టు. పార్ట్ నంబరు డబ్బా మీదా బెల్టు వీపు మీదా ఒకటే ఉండాలి, అచ్చు వేలితో రుద్దితే చెదరకూడదు. పళ్లు లెక్కపెట్టి పాతదానితో సరిచూడాలి. డబ్బాలో బెల్టు గుండ్రంగా ఉండాలి. రబ్బరు బ్యాండు వేసి మడతపెట్టి ఉంటే ఆ మడత దగ్గర లోపలి దారాలు విరిగి ఉంటాయి, తీసుకోకండి. ఎండ పడే అల్మారాలో ఏళ్లుగా ఉన్న సరుకు కూడా వద్దు. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తామంటే ఆ ధరే దాని గుణం చెబుతోంది.

పని ఎలా చేయాలి? మొదటి నుంచి చివరిదాకా చెప్పగలరా?

అడ్డంగా కూర్చున్న ఇంజిన్ ఉన్న మామూలు కారును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మార్కుల స్థానం, బోల్టుల బిగింపు లెక్క మీ ఇంజిన్ మాన్యువల్‌లోనే చూసుకోవాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లబడాలి, రాత్రంతా నిలిచి ఉంటే మంచిది. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు కుడి చక్రం విప్పి, బండిని స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి వెళ్లకూడదు. చక్రం లోపలి ప్లాస్టిక్ తొడుగు, ఆల్టర్నేటర్, ఏసీ బెల్టులు తీస్తే క్రాంక్ పుల్లీ ఎదురుగా కనిపిస్తుంది. చాలా కార్లలో ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే కుడివైపు మౌంటు కూడా విప్పాలి. దానికి ముందు సంపు కింద చెక్కదిమ్మె పెట్టి జాకీతో ఇంజిన్ బరువు ఆపాలి. చెక్క లేకుండా జాకీ నేరుగా పెడితే సంపు సొట్టపోతుంది.

ఇప్పుడు మార్కులు. క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ మొదటి సిలిండర్‌ను టాప్ డెడ్ సెంటర్‌కు, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకు, తేవాలి. దాదాపు అన్ని బళ్లకూ అది గడియారం ముల్లు తిరిగే దిశే. 1998లో వచ్చిన మొదటి తరం హోండా సిటీకి మాత్రం ఎదురు దిశ. క్రాంక్ పళ్ల చక్రం మీది గుర్తు, క్యామ్ చక్రం మీది గుర్తు రెండూ వాటి వాటి గీతలకు ఎదురుగా రావాలి. క్రాంక్ గుర్తు సరిగ్గా ఉండి క్యామ్ గుర్తు కిందికి ఉంటే ఇంకొక చుట్టు తిప్పాలి. బయటి పుల్లీ మీది గీతను చూసి లోపలి చక్రం గుర్తు అనుకోవడం కొత్తవారికి తరచూ జరిగే పొరపాటు. డస్టర్, పోలో డీజిల్ వంటి వాటికి క్యామ్‌నూ క్రాంక్‌నూ కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు ఉంటాయి. అవి లేకుండా కంటి లెక్కతో ఆ ఇంజిన్ల మీద చేయి వేయకూడదు.

పాత బెల్టు తీసేముందు తెల్ల పెయింటుతో బెల్టు మీద, చక్రాల మీద, దాని పక్కనే ఇంజిన్ మీద గుర్తులు పెట్టండి, ఫోనులో ఫోటో తీయండి. కంపెనీ గుర్తులు చాలుగదా అనిపించినా పెట్టండి. తర్వాత ఆ గుర్తుల మధ్య పళ్లు లెక్కపెట్టి కొత్త బెల్టు మీదికి దించుకోవచ్చు. టెన్షనర్ వదులు చేసి బెల్టు తీశాక క్యామ్, క్రాంక్ ఏదీ విడిగా తిప్పకూడదు. రెండు క్యాములున్న ఇంజిన్లలో వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి ఒక క్యామ్ దానంతట అదే టక్కున తిరుగుతుంది, చేయి అడ్డం పెట్టకండి.

సీళ్లు, పంపు, బేరింగులు మార్చి, చక్రాల మీద ఆయిల్ చుక్క లేకుండా గుడ్డతో తుడవాలి. కొత్త బెల్టును క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగువుగా ఉండేలా క్యామ్ మీదికి ఎక్కించి, చివరికి టెన్షనర్ వైపు తేవాలి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే తిరిగే దిశకు పెట్టాలి. ఎక్కకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, టెన్షనర్ ఇంకా వదులు చేయండి. గ్రీజు, సబ్బు నీళ్లు, స్ప్రే ఏదీ రాయకూడదు.

టెన్షనర్ సరిచేశాక ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం వస్తుంది. లాకింగ్ పిన్నులు వేసి ఉంటే తీసేసి, పొడవాటి పానాతో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. నెమ్మదిగా, తొందర లేకుండా. కంప్రెషన్ వచ్చే చోట పానా మెత్తగా ఎదురు తిరుగుతుంది, బలం పెట్టి పట్టి ఉంచితే కాసేపటికి వదులుతుంది. అది సహజం. ఇనుము ఇనుముకు తగిలినట్టు గట్టిగా, ఉన్నచోటనే ఆగిపోతే అది వాల్వు. అక్కడ ఒక్క వెంట్రుకవాసి కూడా బలం పెట్టకుండా వెనక్కు తీసుకుని మొదటి నుంచి మార్కులు చూడాలి. చేతికి తెలిసే ఈ తేడా సెల్ఫ్ మోటారుకు తెలియదు, అది తిప్పేస్తుంది. రెండు చుట్లయ్యాక గుర్తులన్నీ మళ్లీ కలిస్తేనే పుల్లీ, కవర్లు, మౌంటు బిగించాలి.

క్రాంక్ బోల్టును, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ చక్రాన్ని తిరగకుండా పట్టేది ఆ బోల్టు బిగువు మాత్రమే. కంపెనీ కొత్త బోల్టు వేయమన్నచోట పాతది వాడకూడదు.

ఒక పన్ను తప్పితే అంత నష్టమా?

క్రాంక్ చక్రానికి 20 పళ్లుంటే ఒక పన్ను అంటే 18 డిగ్రీలు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కానీ లాగదు, వణుకుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ దీపం వెలగవచ్చు. పాత ఇండికా వంటి డీజిళ్లలో డీజిల్ పంపు టైమింగ్ కూడా తప్పి పొగ కక్కుతుంది. కొన్ని డీజిల్ ఇంజిన్లకు రెండు పళ్లు తప్పితే వాల్వులు తగులుతాయి. నడుస్తోంది కదా అని అలాగే వదలకూడదు.

బిగువు ఎంత ఉండాలి?

చూపుడు ముల్లు ఉన్న టెన్షనర్ అయితే ముల్లు గాడికి ఎదురుగా వచ్చేదాకా తిప్పి నట్టు బిగించాలి. స్ప్రింగుది అయితే స్ప్రింగునే లాగనిచ్చి బిగించాలి, చేత్తో అదనంగా నెట్టకూడదు. హైడ్రాలిక్‌ది అయితే వైస్‌లో నిలువుగా పెట్టి మెల్లగా నొక్కి పిన్ను వేయాలి, బెల్టు ఎక్కాకే పిన్ను లాగాలి. పొడవైన వైపు బెల్టును రెండు వేళ్లతో 90 డిగ్రీలు మెలిపెట్టి చూసే పాత పద్ధతి సుమారు అంచనాకే పనికొస్తుంది.

పని అయ్యాక ఇంజిన్‌లోంచి సన్నని కూత వస్తోంది. అలవాటవుతుందా?

అలవాటు కాదు. వేగంతోపాటు పెరిగే కూత ఉంటే బెల్టు మరీ బిగువైందని అర్థం. పంపు బేరింగు, క్యామ్ బేరింగు త్వరగా పోతాయి. టపటపమని కవరుకు కొట్టుకునే శబ్దం వస్తే వదులైంది, పళ్లు దాటే ప్రమాదం ఉంది. రెండింటిలో ఏదైనా అదే రోజు వెనక్కు తీసుకెళ్లండి.

నేనే ఇంట్లో చేసుకోవచ్చా?

పాత మారుతి 800, ఓమ్ని వంటి సులువైన ఇంజిన్ మీద, పని తెలిసినవారు పక్కన ఉండగా నేర్చుకోవచ్చు. స్టాండ్లు, టార్క్ రెంచి, మీ ఇంజిన్ మాన్యువల్, ఈ మూడూ లేకపోతే మొదలుపెట్టవద్దు. డీజిల్‌ను మొదటి పాఠంగా తీసుకోవద్దు. ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ చదివే కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు, పాడైన ఇంజిన్ మీద మార్కులు కలపడం, రెండు చుట్లు తిప్పడం పదే పదే చేయిస్తాను. చేతికి ఆ తేడా తెలిశాకే నడిచే బండి ఇస్తాను.

బిల్లులో ఏమి చూసుకోవాలి?

బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, పంపు, సీళ్లు, కూలెంటు విడివిడిగా, పార్ట్ నంబర్లతో రాసి ఉండాలి. కూలి వేరుగా ఉండాలి. వాహన విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. అంతకుముందు చాలా భాగాలకు 28 శాతం ఉండేది, పాత శాతం వేసి ఉంటే అడగండి. తీసిన పాత భాగాలన్నీ డబ్బాలో పెట్టి చూపించమనండి. మార్చామన్న టెన్షనర్ పాతది కనిపించకపోతే అడిగే హక్కు మీకుంది.

తెగి ఇంజిన్ పాడైతే ఇన్సూరెన్స్ ఇస్తారా?

మామూలు పాలసీల్లో అరుగుదల, యాంత్రిక లోపం మినహాయింపుల్లోనే ఉంటాయి. ఇంజిన్ రక్షణ పేరుతో తీసుకునే అదనపు కవరు కూడా ప్రధానంగా నీరు చేరడం, ఆయిల్ కారిపోవడం వంటివాటికే. గడువు దాటిన బెల్టుకు డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. బెల్టు మార్చారని అమ్మినవారు చెప్పారు, బిల్లు లేదు. ఏమి చేయాలి?

మార్చనట్టే లెక్క వేసుకోండి. మీటరు తిప్పిన బళ్లు సంతలో ఎన్ని ఉంటాయో అందరికీ తెలుసు, మీటరు చూసి గడువు లెక్కించలేం. పై కవరు తీయించి బెల్టు వీపు మీద అచ్చు ఉందో, ఇంజిన్ గదిలో మార్చిన తేదీ రాసిన స్టిక్కరు ఉందో చూడండి. స్పష్టమైన ఆధారం దొరకకపోతే కొన్న నెలలోనే సెట్టు మార్పించండి. మార్చిన రోజే తేదీ, మీటరు అంకె, సెట్టు పార్ట్ నంబరు చెరగని సిరాతో స్టిక్కరు మీద రాసి టైమింగ్ కవరు మీద అంటించమనండి, అవే వివరాలు ఆర్సీతోపాటు పెట్టే కాగితాల్లో కూడా ఉంచండి.